పర్వతాలు చండ్ర రోకలి

అచ్చంపేట వడ్రంగి పర్వతాలు దృష్టిల చండ్ర కర్ర తప్ప లోకంల ఇంకేదీ కట్టె కాదు. వేప ఉన్నది పండ్లు తోముకునేందుకు, తుమ్మ ఉన్నది పొయ్యిల పెట్టేందుకు. చండ్రకు చెద పట్టదు, నానినా కుళ్లదు, దెబ్బ మీద దెబ్బ పడ్డా చీలదు. గొడ్డలికి పట్టుకునే కామ ఆయన చెక్కితే అదీ అంతే. అందుకే ఒకసారి కొన్నోడు మళ్ల ఆ గడప తొక్కిన పాపాన పోలేదు.

"నీ కామ ఇనుమే అన్నా!" అని గొర్ల మల్లప్ప ఎదురైనప్పుడల్లా మెచ్చుకునేటోడు. మెచ్చుకుని, అదే గొడ్డలి భుజాన వేసుకుని పోయేటోడు.

"గిరాకి మళ్ల రాకుంట చేసుడు నీకే చాతనైంది" అని పెండ్లాం జానమ్మ దండం పెట్టేది.

అట్లాంటప్పుడు పక్కింటి బాలయ్య బిడ్డ నిహారిక పెండ్లి కుదిరింది. పసుపు దంచే రోకలి కావాలన్నడు బాలయ్య. పర్వతాలు పొంగిపోయిండు. కూలగొట్టిన పాత ఇంటి చండ్ర గుంజ తెచ్చి, బాడిశతో చెక్కి, కొసకు ఇనుప పొన్ను తొడిగి, నూనె రాస్తే ఎర్రగ నిగనిగలాడింది. చెక్కుతుంటే బాడిశ మొండివారింది. అదీ చండ్ర గొప్పతనమేనని మురిసిండు.

ఫంక్షన్ హాల్ల ముత్తయిదువలంత చేరి రోకలి పట్టిండ్రు. రోకలి లేవలేదు, మొఖాలు మాత్రం ఎర్రబడ్డయి.

"గిది హల్దీనా, గనిల పనా? జర నవ్వుండ్రమ్మా!" అన్నడు కెమెరా పిలగాడు.

డెకరేషనోళ్లు బంగారు రంగు పూసిన ప్లాస్టిక్ గొట్టం తెచ్చిండ్రు. అందరూ నవ్విండ్రు. పసుపు ఎట్లాగూ పాకెట్‌లదే.

"ఏమనుకోకు అన్నా, జర బరువైంది. తీస్కపో" అన్నడు బాలయ్య.

పర్వతాలు రోకలి భుజానేసుకుని బిర్యాని ముట్టకుండ ఇంటికొచ్చిండు. ఆ బిర్యాని గురించి మాత్రం చాన రోజులు బాధపడ్డడు.

జానమ్మ మొదటిసారి ఎత్తిపొడవలేదు. ఎండుమిరపకాయలు రోట్లె పోసి, "నీ కోపమంత వీటి మీద సూపియ్యి" అన్నది. చూపిండు. ఘాటుకు వాడకట్టంత తుమ్మింది. తిట్టుకుంట వచ్చినోళ్లు, "మాకూ జర దంచియ్యి" అని నిలబడ్డరు.

ఇప్పుడు ఊరవతలి నుంచి కూడా మిరపకాయల సంచులతో వస్తున్నరు. అందరి నోట్ల అది 'జానమ్మ కారం'. దంచేది పర్వతాలే.

"గొప్పతనం కారంల లేదు అక్కా, కర్రల ఉన్నది. గీ చండ్ర ఉన్నది సూడు..." అని వచ్చినోళ్లందరికీ మొదలుపెడ్తడు.

"అవునన్నా, అవును," అంటరు వాళ్లు. "జర మెత్తగ దంచు."