పక్క చోటుకు చాచిన పిప్పరమెంటు

వీబ్రెన్ రోజూ పొద్దున రొట్టె, జున్ను తిని, పళ్ళెం పక్కకు జరిపి బైబిలు తెరిచేవాడు. నిన్న రిబ్బను పెట్టిన చోటినుంచి ఒక అధ్యాయం, గొంతెత్తి చదివేవాడు. అక్క హిస్కెకు సరిగా వినపడదని పెంచుకున్న గొంతు అది. ఇద్దరూ పెళ్ళి చేసుకోకుండా ఆ ఇంట్లోనే ముసలివాళ్ళయ్యారు. అక్క పోయాక కూడా ఆ గొంతు తగ్గలేదు.

గోడకు అవతల ఫెమ్కె ఉంటుంది. కాలువ వంతెన పక్కన సైకిళ్ళు బాగుచేస్తుంది. బఠాణీల సూపు కాచినప్పుడల్లా ఒక గిన్నె ఇతనికి తెచ్చేది.

"పెద్దయ్యా, ఇవాళ మోషే మీద మరీ కేకలేశారు! మా పిల్లి మంచం కింద దూరింది."

"దానికైనా భయభక్తులున్నాయి, నీకే లేవు."

ఆ పిల్ల పకపకా నవ్వేది. వాళ్ళ అమ్మమ్మ కాలంలోనే ఆ ఇంట్లో చర్చి మానేశారు. ఈ ఫ్రీస్‌లాండ్ ఊళ్ళో ఎవరూ దేవుడితో పోట్లాడి మానలేదు. ఆదివారం ఏదో పని పడేది, తర్వాత నిద్ర పట్టేది, ఆ తర్వాత మానేశామన్న సంగతే మరిచిపోయారు. మంచివాళ్ళే. మంచు పడితే నా గుమ్మం కూడా వాళ్ళే ఊడుస్తారు.

చివరికి చర్చికి వెళ్ళేవాళ్ళం వీబ్రెన్‌తో, నాతో కలిపి ఆరుగురం మిగిలాం. చర్చి మూసేద్దామని మేమే చేతులెత్తి ఓటేశాం. ఆదివారాలు తమ దగ్గరికి రావడానికి కారు పంపిస్తామని పట్నం చర్చివాళ్ళు అన్నారు. వీబ్రెన్ వద్దన్నాడు.

"ఎందుకయ్యా మొండితనం?" అన్నాను. మేమిద్దరం ఒకే బడిలో చదివాం.

"అక్కడ నా పక్కన ఎవరు కూర్చుంటారో నాకేం తెలుసు?"

పాస్టరు వాక్యం చెప్పడం మొదలుపెట్టగానే మా చర్చిలో గొట్టంలా చుట్టిన పిప్పరమెంటు బిళ్ళల పొట్లం బయటికొచ్చేది. ఒకటి నోట్లో వేసుకుని, తల తిప్పకుండా పక్కవాళ్ళకు చాచాలి. అలా బెంచీ చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చేది. నడక రాని పిల్లలకు కూడా ఆ పొట్లం చప్పుడు తెలిసేది.

ఆఖరి ఆరాధన రోజు ఫెమ్కె కూడా వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. పాస్టరు వాక్యం మొదలుపెట్టాడు. వీబ్రెన్ ఒక బిళ్ళ తీసుకుని, పొట్లాన్ని ఎడమవైపుకు, హిస్కె కూర్చునే చోటుకు చాచి వదిలేశాడు.

అది రాతినేల మీద పడి ఖాళీ బెంచీల కిందుగా గడగడమంటూ దొర్లింది. పాస్టరు ఆగిపోయాడు. ఎవరూ నవ్వలేదు. వీబ్రెన్ చెయ్యి అలాగే చాచి ఉంది.

ఫెమ్కె మునివేళ్ళ మీద వచ్చి, వంగి పొట్లం వెతికి తీసింది. దుమ్ము ఊది, ఒక బిళ్ళ నోట్లో వేసుకుంది. హిస్కె చోటులో కూర్చుని పొట్లాన్ని అతని అరచేతిలో పెట్టింది. వీబ్రెన్ తల తిప్పలేదు. వెనకనుంచి నాకు ఎర్రబడ్డ చెవులు మాత్రం కనిపించాయి.

చర్చి పెద్దలు వేదిక మీది బైబిలు బయటికి తెచ్చారు, తలుపు మూశారు. అతన్ని ఒంటరిగా పంపడానికి మనసొప్పక నేనూ వెంట అతని ఇంటికి వెళ్ళి కాఫీ పెట్టాను. ఫెమ్కె సూపు తెచ్చింది.

"అమ్మాయ్, ఒకటి అడగనా?" అన్నాడు వీబ్రెన్.

"ఏంటి పెద్దయ్యా, సైకిలు గొలుసు ఊడిందా?"

"నా సైకిలెప్పుడో తుప్పు పట్టింది. ఆదివారం పొద్దున ఇటు రాగలవా? నేను చదువుతాను."

ఆ పిల్ల గరిటె కింద పెట్టింది. "నాకు నమ్మకం లేదు పెద్దయ్యా. ఊరికే ఆమేన్ అంటే అబద్ధమవుతుంది. మీ దగ్గర అబద్ధమాడలేను."

"ఆమేన్ సంగతి నేను చూసుకుంటాలే." వీబ్రెన్ ఎడమవైపు కుర్చీ బయటికి లాగాడు. దాని మీది అక్క శాలువా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఇక్కడ కూర్చో, చాలు. నేను పొట్లం చాస్తాను. ఒకటి తీసుకుని మళ్ళీ నా చేతికివ్వు."