దర్జీ మావయ్య నడుం పట్టీ

మా మావయ్య దర్జీ. దారిలో ఎదురైన మనిషి పేరేమిటో గుర్తు రాక తడుముకుంటాడు గానీ, "కుడి భుజం కాస్త దిగువ, మెడ పొట్టి" అని మాత్రం ఠక్కున చెప్పేస్తాడు. మనుషులు ఆయనకు కొలతలుగానే గుర్తుంటారు.

ఆయన సొంత నడుం మాత్రం చాలా ఏళ్లు ఆయన మాట వినలేదు. ఇంచి టేపు చుట్టూ తిరిగొచ్చి, రెండో కొసను అందుకోవడానికి కాస్త బతిమాలుకోవాల్సి వచ్చేది. కటింగ్ బల్ల దగ్గర నిలబడితే ముందు పొట్ట, తరవాత బల్ల, ఆ తరవాతే గుడ్డ. ఒంట్లో చక్కెర పెరిగింది, మోకాళ్లు మొరాయించాయి. చివరికి డాక్టర్లు బరువు తగ్గించే ఆపరేషన్ చేశారు. సంచిలాంటి పొట్టలో చాలా భాగం తీసేసి, మిగిలినదాన్ని సన్నటి గొట్టంలా చేసి కుట్టేశారు.

చూడ్డానికి వచ్చినవాళ్లకు మావయ్య ఆ ఆపరేషన్‌ని తన భాషలో చెప్పేవాడు.

"ఏముందండీ, సైడు కుట్టేసి సైజు తగ్గించారు. నేను రోజూ చేసే పనే. కాకపోతే వాళ్లు ట్రయల్ వేయరు, పైగా లోపల గుడ్డ ఏమీ వదల్లేదు!"

లోపల గుడ్డ వదలడం అన్నది మావయ్య వృత్తిలో మొదటి నియమం. ఎవరికి ప్యాంటు కుట్టినా, కోటు కుట్టినా, కుట్టుకి లోపలి వైపు వేలెడంత గుడ్డ మడిచి ఉంచుతాడు. "మనిషి అన్నాక మారతాడు. బట్ట అతనితో పాటు మారాలి గానీ, అతన్ని తిట్టకూడదు" అంటాడు. ఆయన కుట్టిన బట్టలు ఏళ్ల తరబడి మనుషులతో పాటు లావవుతూ, సన్నబడుతూ బతికేవి.

ఆపరేషన్ తరవాత మావయ్య నిజంగానే కరిగిపోయాడు. తన బూట్లు తనకు కనిపించిన రోజున అత్తయ్యని కేకేసి మరీ చూపించాడు. ప్యాంట్లు జారిపోతుంటే వెనక కుట్టు విప్పి, పైన వెడల్పుగా, కింద మొనదేలేలా కోసుగా ఒక ముక్క తీసేసి, మళ్లీ బిగించి కుట్టుకునేవాడు. తీసిన ముక్కను పారెయ్యలేదు. షాపులో నిలువుటద్దం పక్కన, కిటికీ ఎదురుగా, గోడకి దారం కట్టి దానికి గుచ్చాడు. కొన్నాళ్లకు అక్కడ రకరకాల రంగుల ముక్కలు తోరణంలా వేలాడాయి. ట్రయల్‌కి వచ్చిన ప్రతివాళ్లూ "ఏంటండీ ఇవి?" అని అడగాలి, మావయ్య "నేనే" అనాలి. అదొక సరదా ఆయనకు.

అత్తయ్య కాజాలు కుడుతూ ఆ గోడని చూసి, "సగం మొగుడు గోడ మీద, సగం మొగుడు బల్ల దగ్గర. ఏ సగాన్ని పిలిస్తే పలుకుతారో తెలీదు నాకు" అనేది.

అయితే తన ప్యాంట్ల విషయంలో మావయ్య ఒక తప్పు చేశాడు. దర్జీ మాత్రమే చేయగల తప్పు. తనకు మాత్రం లోపల గుడ్డ వదల్లేదు. ముక్క తీసిన చోట అంచు దాకా కత్తిరించేశాడు.

"వదిలితే పొట్టకి ఆశ పుడుతుంది. ఇక దారి లేదని దానికి తెలియాలి" అన్నాడు.

నడుం పట్టీ కూడా కావలసినదానికన్నా బిగువుగానే పెట్టేవాడు. హుక్కు పెట్టుకునేటప్పుడు ఊపిరి బిగబట్టి, పెట్టుకున్నాక అద్దంలో పక్కకు తిరిగి చూసుకుని, తనలో తానే మురిసిపోయేవాడు.

సరిగ్గా అలా మురిసిపోతున్న రోజుల్లోనే రొమ్ము ఎముక వెనక ఏదో మండడం మొదలైంది. మావయ్య దాన్ని ఆకలి అనుకున్నాడు. చిన్న పొట్ట కదా, తొందరగా ఖాళీ అయిపోతోందనుకుని రెండు బిస్కెట్లు నోట్లో వేసుకున్నాడు. కాసేపు ఊరుకుని, మంట ఇంకాస్త పెరిగింది. ఇంకో బిస్కెట్ వేసుకున్నాడు. గొంతులోకి పుల్లటి నీళ్లు ఎగదన్నాయి. ఆ పులుపు పోవడానికి పిప్పర్‌మెంటు బిళ్లలు కొని గుండీల డబ్బాలో దాచుకున్నాడు. బిళ్ల చప్పరించినంతసేపూ చల్లగా ఉండేది, తరవాత మంట ఇంకా జోరందుకునేది. మధ్యాహ్నం తినగానే బల్ల మీదికి వంగి గుడ్డ కత్తిరిస్తుంటే మరీ అన్యాయం. కడుపులో ఉన్నది ఉన్నట్టు గొంతు దాకా వచ్చి పలకరించి వెళ్లేది. పోనీ కాసేపు నడుం వాలుద్దామంటే పొడి దగ్గు.

ఇదంతా ఆయన ఎవరికీ చెప్పలేదు. కారణం ఉంది. ఆసుపత్రిలో వరసలో కూర్చున్నప్పుడు పక్కనున్న పెద్దమనిషి ఎవరో, "మంట మొదలైందంటే మళ్లీ కోస్తారండీ. ఆ తరవాత వంగి పని చేసే యోగం ఉండదు" అని తీర్మానించేశాడు. మావయ్యకి కోతంటే భయం లేదు, కత్తెర పట్టేవాడికి కోతంటే భయమేమిటి? వంగకూడదన్న మాటే ఆయన్ని వణికించింది. బల్ల మీద గుడ్డ పరిచి, సుద్దతో గీత గీసి, వంగి, ఒక్క ఊపులో కత్తెర నడిపించడం తప్ప ఆయనకు ప్రపంచంలో ఇంకేదీ అంత ఇష్టం లేదు. అది పోతే తాను ఎందుకూ పనికిరాననుకున్నాడు. అందుకే నోరు మూసుకుని పిప్పర్‌మెంటు చప్పరించాడు.

అత్తయ్య మాత్రం పసిగట్టింది. ముందు ఆయన గొంతు బొంగురుపోయింది. జలుబేమో అనుకుంది. తరవాత ఇంకొకటి గమనించింది. ట్రయల్ వేసేటప్పుడు మావయ్య గుండుసూదులు వరసగా పెదాల మధ్య పెట్టుకుని ఒక్కొక్కటే తీసి గుచ్చేవాడు. పెళ్లయిన నాటి నుంచీ ఆవిడ చూస్తున్న దృశ్యం అది. ఇప్పుడు సూదుల్ని మణికట్టుకి కట్టుకున్న చిన్న దిండుకి గుచ్చుకుంటున్నాడు. నోట్లోకి ఎప్పుడు పుల్లటి నీళ్లు వస్తాయో తెలియని మనిషి పెదాల మధ్య సూదులు ఎలా పెట్టుకుంటాడు?

అయినా ఆవిడ అప్పుడే అడగలేదు. హెడ్మాస్టరు గారు వచ్చిన రోజు అడిగింది.

హెడ్మాస్టరు గారు మావయ్య కుట్టిన కోట్లు తప్ప ఇంకెవరివీ తొడగరు. కూతురి పెళ్లికి కొత్త కోటు కావాలని గుడ్డ చంకలో పెట్టుకుని వచ్చారు. కోటు కటింగ్ అంటే మావయ్యకి పండగ. ఆ రోజు మాత్రం ఆయన గుడ్డని అరచేత్తో ఒకసారి నిమిరి, మడత కూడా విప్పకుండా వెనక్కి తోశాడు.

"ఈసారికి ఇంకెవరి దగ్గరైనా చూసుకోండి సార్."

"ఏవయ్యా, నా నడుం అంత పాడైపోయిందా?" అన్నారాయన నవ్వుతూ.

మావయ్య నవ్వలేదు. హెడ్మాస్టరు గారు గుడ్డ అక్కడే బల్ల మీద పెట్టేసి, "నీ మనసు మారేదాకా ఉండనీ. పెళ్లికి ఇంకా టైముందిలే" అని వెళ్లిపోయారు.

అత్తయ్య చేతిలో కాజా ఆపి లేచింది. సరాసరి వెళ్లి గుండీల డబ్బా మూత తీసింది.

"ఏవండీ, ఈ గుండీలు ఎవరి చొక్కాకి? తెల్లగా, గుండ్రంగా, ఘాటు వాసన కూడా వేస్తున్నాయి!"

మావయ్య దొరికిపోయిన పిల్లాడిలా తల గోక్కున్నాడు.

"అది... గొంతు పొడారిపోతుంటే..."

"గొంతు పొడారితే కోటు వద్దంటారా? కోటు! మీరు! నేను కాపురానికొచ్చిన కొత్తల్లో నాకు జ్వరమొస్తే కూడా కోటు వదిలి రాలేదు మీరు."

"అదింకా మర్చిపోలేదా నువ్వు?"

"మర్చిపోను. మాట మార్చకండి. ఏవైంది?"

అప్పుడు మావయ్య కుర్చీలో కూలబడి అంతా చెప్పాడు. మంట, పులుపు, దగ్గు, పెద్దమనిషి జోస్యం. చెప్పి, "కత్తెర పక్కన పెట్టెయ్యాలేమోనే" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చూపు కత్తెర మీదే ఉంది.

"ఆ పెద్దమనిషి డాక్టరా?"

"కాదు. ఆయనకీ నాలాంటి ఆపరేషనే."

"అయితే పదండి, డాక్టరు దగ్గరికి పోదాం. ఆయన్నీ ఈయన్నీ అడక్కుండా."

డాక్టరమ్మ ముందు గుండె పరీక్ష చేయించింది. ఛాతీలో మంట అంటే ముందు గుండె సంగతి తేల్చుకోవాలి, గ్యాసని సరిపెట్టుకోకూడదంది. గుండె నిక్షేపంగా ఉందని తేలాక, గొంతులోంచి కెమెరా గొట్టం దింపి చూసింది. అన్నవాహిక అడుగున ఎర్రగా వాచింది, పుండు మాత్రం పడలేదు.

"కడుపులో పుట్టే యాసిడ్ పైకి తంతోంది. మీ ఆపరేషన్ అయినవాళ్లలో చాలామందికి వస్తుంది. పొట్ట గొట్టంలా అయింది కదా, లోపల చోటు తక్కువ, ఒత్తిడి ఎక్కువ. కొంచెం నొక్కితే చాలు, పైకే వస్తుంది. ఎప్పుడు ఎక్కువగా ఉంటోంది?"

"తిన్నాక వంగితే."

"ఆకలేస్తున్నట్టు కూడా ఉంటోందా?"

మావయ్య ఆశ్చర్యపోయాడు. "మీకెలా తెలుసు?"

"చాలామంది ఈ మంటనే ఆకలనుకుని తింటారు. తింటే ఇంకా మండుతుంది. సరే, ఆ మంచం మీద పడుకోండి, పొట్ట చూస్తాను."

మావయ్య పడుకోబోయాడు. హుక్కు విప్పితే గానీ కుదర్లేదు. విప్పగానే పొట్ట చుట్టూ ఎర్రటి గీత, తాడుతో కట్టి విప్పినట్టు. డాక్టరమ్మ ఆ గీతని వేలితో తడిమి, నడుం పట్టీని పట్టుకుని లాగి చూసింది. అందులో వేలు కూడా దూరలేదు.

"ఎవరండీ ఈ ప్యాంటు కుట్టింది?"

మావయ్య పడుకున్నచోటే కాస్త ఛాతీ విరిచాడు. "నేనేనండీ."

"ఆ దర్జీని మార్చెయ్యండి."

అత్తయ్య నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు ఆగలేదు. మావయ్య మొహం మాత్రం చూడాల్సిందేనట. ఇన్నేళ్లలో ఆయన పనికి వచ్చిన మొదటి ఫిర్యాదు అదే.

"నిజంగానే చెప్తున్నాను. పైనుంచి బిగించి కట్టేస్తే లోపలున్నది ఎటు పోతుంది? వదులు చెయ్యండి. పొద్దున్న ఏదీ తినకముందు ఈ మాత్ర వేసుకోండి. కొంచెం కొంచెంగా, నెమ్మదిగా నమిలి తినండి. తింటూ నీళ్లు తాగకండి. పిప్పర్‌మెంటు, సోడాలు, కాఫీ పక్కన పెట్టండి. తిన్న వెంటనే వంగొద్దు, పడుకోవద్దు. రాత్రి తిండికీ పడకకీ మధ్య రెండు మూడు గంటలు ఉండాలి. మంచం తలవైపు కాళ్ల కింద చెక్కదిమ్మలు పెట్టి ఎత్తు చెయ్యండి. దిండు మీద దిండు వేస్తే లాభం లేదు, మెడే నొప్పెడుతుంది."

మావయ్య ఇంకా మంచం మీదే ఉండి, పైకప్పు వంక చూస్తూ అడిగాడు.

"మళ్లీ కోస్తారా డాక్టరమ్మా? వంగి పని చెయ్యకూడదా ఇక?"

"ముందు ఇవన్నీ చేసి నాకు కనిపించండి. ఎక్కువమందికి వీటితోనే సర్దుకుంటుంది. ఎన్ని చేసినా తగ్గకపోతే అప్పుడు ఆలోచిద్దాం, దానికీ దారి ఉంది. మింగుడు పడకపోయినా, వాంతులు ఆగకపోయినా, నెత్తురు కనిపించినా మాత్రం చెప్పిన రోజుదాకా ఆగకుండా పరిగెత్తుకు రండి. ఇక వంగడం అంటారా, బల్ల మీరెందుకు వంగేంత కిందుంది?"

ఆ ప్రశ్న మావయ్య బుర్రలో దూరి కూర్చుంది.

సాయంత్రానికల్లా మంచం తలవైపు లేచి నిలబడింది. మర్నాడు షాపులో కటింగ్ బల్ల నాలుగు కాళ్ల కిందా దిమ్మలు దూరాయి. నిటారుగా నిలబడి కత్తెర నడిపి చూసుకున్నాడు మావయ్య. చెయ్యి మొదట్లో మొరాయించింది, గీత రెండుసార్లు పక్కకు పోయింది. అత్తయ్య మాత్రం మంచం మీద నుంచి పొద్దున్నకల్లా కాళ్లవైపు జారిపోతున్నానని గొడవ పెట్టింది. "ఇంట్లో అన్నీ లేచాయి. నేనొక్కదాన్నే కిందికి పోతున్నాను."

మిగిలింది ప్యాంటు. మావయ్య వెనక కుట్టు విప్పి కూర్చున్నాడు. వదులు చేద్దామంటే లోపల గుడ్డేదీ? అంచు దాకా కత్తిరించుకున్న తన పనితనం తనకే ఎదురొచ్చింది. తరవాత లేచి, అద్దం పక్కన తోరణంలోంచి ఆ ప్యాంటు తాలూకు ముక్కను వెతికి, దారం తెంపాడు.

"ఏంటి, గోడ మీది మొగుణ్ణి దింపుతున్నారా?" అంది అత్తయ్య.

"ఇంటికొస్తానంటున్నాడు. రానియ్యి."

గోడ మీద ఎండకి ఆ ముక్క వెలిసిపోయింది. నల్లటి ప్యాంటు వెనక బూడిదరంగు కోసు ఒకటి, దూరానికి కూడా తెలిసేలా అతుక్కుంది. అతుకు కనిపించకుండా కుట్టగల మనిషి, దాన్ని దాచడానికి ఏమీ చెయ్యలేదు. పట్టీలో రెండు వేళ్లు దూర్చి చూసుకుని, హాయిగా ఊపిరి వదిలాడు.

మంట ఒక్క రోజులో పోలేదు. తగ్గింది కదా అని ఒకరోజు సోడా తాగి, సాయంత్రం దాకా అత్తయ్య చూపు తప్పించుకు తిరిగాడు. చెప్పాల్సిన అవసరం రాలేదు, దగ్గే చెప్పేసింది. కానీ మెల్లమెల్లగా గొంతు విచ్చుకుంది. బిస్కెట్ల మీదికి చెయ్యి పోవడం మానింది. ఎప్పుడైనా ఆకలి అనిపిస్తే, ముందు రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని, "ఆకలివా, మంటవా?" అని అడిగేవాడు.

చెప్పిన రోజున వెళ్తే డాక్టరమ్మ పొట్ట చూసింది, ఎర్ర గీత లేదు. మాత్ర ఇంకొన్నాళ్లు వేసుకోమని, మిగతావి ఎప్పటికీ మానొద్దని, ఇప్పుడు మళ్లీ కోసే మాటే లేదని చెప్పింది. బయటికొస్తుంటే వెనక నుంచి ప్యాంటు చూసి, "దర్జీని మార్చినట్టున్నారే!" అంది.

"లేదండీ, వాడికే బుద్ధొచ్చింది" అన్నాడు మావయ్య.

మర్నాడు పొద్దున్నే హెడ్మాస్టరు గారి గుడ్డ మడత విప్పాడు. ఎత్తు బల్ల ముందు నిటారుగా నిలబడి సుద్ద గీతలు గీశాడు. గుడ్డ అంతా ఒక చూపులో కొలిచి, కత్తెర పెట్టాడు. ఆ చప్పుడు వినడానికి అత్తయ్య మిషను ఆపింది. కత్తెర ఆగకుండా, తడబడకుండా, ఆ చివర దాకా పోయింది. తరవాత ట్రయల్‌కి వచ్చిన హెడ్మాస్టరు గారు అద్దం ముందు నిలబడి, "ఇంతకీ మనసెందుకు మారిందయ్యా?" అని అడిగారు.

మావయ్య జవాబు చెప్పలేదు. చెప్పలేడు కూడా. పెదాల మధ్య వరసగా గుండుసూదులున్నాయి. ఒక్కొక్కటే తీసి కోటు వీపున గుచ్చుతున్నాడు, లోపల వేలెడంత గుడ్డ వదిలి.

అత్తయ్య కాజా కుడుతూనే తలెత్తి, "ఏవండీ, మంటగా ఉందా?" అని అడిగింది.

సూదుల వెనక నుంచి "ఊహూఁ" అని వినిపించింది.