మూడో ఏడు ముందు

ఫోర్ట్‌వర్త్ శివార్లలో, అమ్మకానికి ముస్తాబు చేసి పెట్టిన కొత్త ఇంట్లో కూర్చుని బేరాలు చూసే వెర్నెల్ తీరే వేరు. వంటింట్లో కుకీల వాసన గుమ్మం దాకా వస్తుంటుంది గానీ, వచ్చినవాళ్ళకు వెంటనే పెట్టదు. కళ్ళద్దాలు తీసి, తాపీగా తుడుచుకుని, మూడో ఏడు నుంచి నెల వాయిదా ఎంతవుతుందో ముందు చెబుతుంది. మొదటి రెండేళ్ళు వడ్డీలో కొంత బిల్డరే బ్యాంకుకు కడతాడు కాబట్టి వాయిదా తేలిగ్గా ఉంటుందన్న తీపి కబురు ఆ తర్వాతే. కుకీ దాని తర్వాత.

మొన్న లారీ నడిపే డస్టిన్, కడుపుతో ఉన్న భార్య మారిసోల్ వచ్చారు. మూడో ఏడు మాట వినగానే, "అప్పటికి జీతం పెరుగుతుంది లెండి," అన్నాడతను.

"పెరగకపోతే?" అంది వెర్నెల్.

ఇద్దరూ మొహాలు ముడుచుకుని వెళ్ళిపోయారు. "చేతికొచ్చిన బేరం చెడగొట్టడంలో నీ తర్వాతే ఎవరైనా," అని మేనేజరు దెప్పాడు. ఆమె ఓవెన్‌లో కుకీల ట్రే మార్చింది.

ఆదివారం వాళ్ళే మళ్ళీ వచ్చి, ఇంతకంటే చిన్న ఇల్లు చూపించమన్నారు.

"వీధి చివర ఇళ్ళు అమ్మేవాళ్ళ దగ్గరికీ వెళ్ళామండీ," అంది మారిసోల్. "మూడో ఏడు ఎంతవుతుందని అడిగితే, అక్కడి ఆవిడ నా చేతిలో కుకీ పెట్టింది."