పులిగడ్డ ఏటి ఒడ్డున వదిన మాట్లాడిన రోజు

మా అన్నయ్య పోయి ఏడు నెలలైంది. అప్పటినుంచి మా వదినకి ఇల్లు, చర్చి తప్ప మూడో చోటు లేదు. తినమంటే తింటుంది, అడిగితే ఒక్క ముక్కలో జవాబు చెబుతుంది. మనిషి ఇలాగే ముడుచుకుపోతుందేమోనని భయం వేసి, చలికాలపు ఎండ హాయిగా ఉందన్న వంకతో ఒక శనివారం బయల్దేరదీశాను. అన్నయ్య ఊసు ఎత్తకూడదని మాత్రం గట్టిగా అనుకున్నాను. ఇంట్లో అందరమూ చేస్తున్నది అదే.

పొద్దున్న ఏడింటికి బందరులో పార్కుకి వెళ్ళాం. బెంచీ మీద కూర్చుని నేను గులాబీల గురించీ, నడకకొచ్చిన వాళ్ళ బూట్ల గురించీ వాగుతూనే ఉన్నాను. వదిన ఊఁ కొట్టింది. కాసేపటికి, "ఇంటికి పోదామా సునీతా?" అంది. వినిపించుకోకుండా బస్టాండుకి లాక్కెళ్ళాను. అవనిగడ్డ బస్సులో ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి ఛార్జీ లేదు. చల్లపల్లి, మోపిదేవి మీదుగా గంటన్నరలోపే పులిగడ్డలో దిగాం. దారి పొడుగునా వరి కోసిన చేలల్లో మినుము పచ్చగా ఉంది.

ఏటి ఒడ్డుకి ఆటో మాట్లాడాను, రానూ పోనూ రెండొందలు. డ్రైవరు వదినను గుర్తుపట్టి నవ్వాడు.

"బాగున్నారా అక్కా? మేష్టారు బావగారు రాలేదాండీ?"

అన్నయ్య బడి సెలవుల్లో ఇక్కడికి గాలం వేయడానికి వచ్చేవాడు, అప్పుడప్పుడు వదిననీ తెచ్చేవాడు. "ఎండ భలే ఉంది కదండీ" అంటూ అడ్డుపడ్డాను. వదిన నా చెయ్యి నొక్కి ఆపింది.

"బావగారు లేరు తమ్ముడూ. పోయారు."

అతను ఆటో పక్కకి ఆపేశాడు. "ఎంత మాట విన్నానక్కా," అని వెనక్కి తిరిగాడు. "ఇప్పుడు చెప్పొచ్చో లేదో. ఆయన గాలానికి ఏనాడూ చేప పడలేదండీ. వలోళ్ళ దగ్గర కొనుక్కురమ్మని నన్ను పంపేవారు. మీ అక్కకి చెప్పమాకయ్యా అనేవారు."

వదిన నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "నాకు తెలుసు తమ్ముడూ. ఏ చేపకీ మూతి మీద గాలం దెబ్బ ఉండేది కాదు. అయినా ఎంత పెద్దది పట్టారండీ అంటూనే పులుసు పెట్టేదాన్ని."

ఒడ్డుకి చేరేసరికి కృష్ణ ఎండకి మెరుస్తోంది. గట్టు మీద కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తింటూ వదిన అన్నయ్య సంగతులు చెబుతూనే ఉంది. అందులో సగం నాకు తెలియనివే. మధ్యలో ఆగి, "మన ఇంట్లో ఎవరూ ఆయన పేరెత్తరు. మీరంతా మర్చిపోయారు, నేనొక్కదాన్నే మిగిలాను అనుకున్నా" అంది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చేశాను.

ఆవిడ మనసు నొచ్చుకుంటుందని మేం నోళ్ళు కట్టేసుకున్నాం. ఆ మంచితనమే ఆవిడని ఒంటరిని చేసింది. ఏమీ తెలియని మనిషి బావగారేరీ అని అడిగితే తప్ప ఆ తలుపు తెరుచుకోలేదు.

పులిగడ్డ వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. ఒడ్డున నీడ తక్కువ, గొడుగు తీసుకెళ్ళండి. తిరుగు బస్సులు సాయంత్రం దాకా ఉంటాయి, పక్కన కూర్చున్న మనిషి చెప్పడం అయ్యేదాకా లేవకండి.