సుట్టీ రోజు కూడా ఆగని మాటలు

మరాఠీవాళ్ళ ఊళ్ళో మా తెలుగు నేతవాళ్ళ పేట, భవానిపేట. అందులో మేమున్న గల్లీకి నిశ్శబ్దం వారానికి ఒక్కరోజే దొరికేది, కరెంటు ఆపి మగ్గాలకు సెలవిచ్చే సుట్టీ రోజు. మిగతా రోజులన్నీ పవర్‌లూమ్ మగ్గాల మోతలోనే వండుకునేవాళ్ళం, తినేవాళ్ళం, పోట్లాడుకునేవాళ్ళం. షెడ్డులో మా మగవాళ్ళు మాట్లాడుకోరు. పెదవులు కదిలించి, చేతులు ఊపి పని కానిస్తారు. ఇంటికొచ్చాక కూడా ప్రతి ఒక్కడి చెవిలో మగ్గం మోగుతూనే ఉంటుంది. చేతులకు కాయలు కాచినట్టే అదీ. జబ్బని ఎవరూ అనుకోరు.

అందుకే ఎనభైల చివర్లో, తన చెవుల్లో ఎవరో మాట్లాడుతున్నారని మా ఆయన మొదటిసారి చెప్పినప్పుడు ఇంటిల్లిపాదీ నవ్వారు. నీ ఒక్కడికేనా, మాకందరికీ మోగుతుందన్నాడు మా మరిది. మా అత్త వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవుల్లో పోసింది. పక్క మగ్గం మీద నేసే పొరుగాయన దూది పెట్టుకోమన్నాడు. పైగా, అన్న చెవులు కొత్త పెళ్ళికూతురి చెవులంత సుకుమారమైనవని గల్లీ అంతా చెప్పి నవ్వించాడు. మా ఆయన దూదీ పెట్టుకున్నాడు, నూనే పోయించుకున్నాడు. మాటలు మాత్రం పోలేదు.

నేసే చద్దర్ల మీద పువ్వుల నేత తప్పడం మొదలయ్యాక షెడ్డు మాలక్ ఆయన్ని ఇంటికి పంపేశాడు. కంచం ముందు కూర్చుని, తినొద్దంటున్నారు అనేవాడు. ఎవరంటే గోడ వైపు చూసేవాడు. మా అత్త తాయెత్తు కట్టించింది. అదీ పనిచేయలేదు. ఇలాంటివాళ్ళను గొలుసులతో కట్టేసి బాగుచేసే చోటు ఒకటుందని, అక్కడ వదిలేసి వద్దామని మరిది అన్నాడు. పెద్దలంతా సరేనన్నారు. నాకు ఒళ్ళు మండింది. కానీ వద్దనడానికైనా చేతిలో ఇంకో దారి ఉండాలి కదా. అమావాస్య దాకా ఆగమని మాత్రం అడిగాను.

నేను బీడీలు చుట్టేదాన్ని. చుట్టిన బీడీలు కార్ఖానాలో అప్పగించడానికి ఆడవాళ్ళం వరుసలో గంటలకొద్దీ కూర్చునేవాళ్ళం. అక్కడ మాట్లాడుకోనిది లేదు. గర్భసంచి ఆపరేషన్లు, కోడళ్ళ వంటలు, మొగుళ్ళ తాగుడు, అన్నీ. దీని గురించి మాత్రం ఒక్కరికీ నోరు పెగలదు. పిచ్చోడి పెళ్ళాం అన్న పేరు పడితే ఇక అంతే. ఒకరోజు దారం వదులుగా ఉందని నా బీడీలు సగం తీసి పారేశారు. పక్కన కూర్చున్న పెద్దావిడ, వెనక గల్లీలో ఉండేది, నా చేతుల వైపు చూసి, ఇంట్లో ఎవరికి బాగాలేదని అడిగింది. అబద్ధమాడే ఓపిక కూడా లేదు నాకు. ఉన్నదంతా చెప్పేశాను.

"నా బిడ్డకు గూడ గిట్లనే ఉండె," అందావిడ గొంతు తగ్గించి. "సర్కారు దవాఖానల దీనికి డాక్టర్ ఉన్నడు, గోలీలిస్తడు. నేనొస్త నీతోటి."

ఆ కూతురిని మేమందరం ఎరుగుదుం. మా మధ్యే కూర్చుని పకపకా నవ్వే పిల్ల. నాకు ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఇన్నాళ్ళూ ఈ మాట ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే నా బిడ్డ పక్కకు కూసుందురా మీరు?"

మరునాడు ఇద్దరం కార్ఖానాకు పోతున్నట్టు బీడీ గంపలు పట్టుకుని సిటీ బస్సెక్కాం. మా ఆయనకు మాత్రం చెవుల డాక్టరు దగ్గరికని చెప్పి వెంట తీసుకుపోయాం. డాక్టరు మగ్గాల సంగతంతా విని, మరాఠీలో ఒక్క మాట అడిగాడు. మగ్గాలు ఆగినప్పుడు కూడా వినిపిస్తాయా?

మా ఆయన తలెత్తి చూశాడు. సుట్టీ రోజే ఎక్కువన్నాడు. మిగతా రోజుల్లో మగ్గాల మోత వాటిని కొంత కప్పేస్తుందట. మోత కోసమే పని పోయాక కూడా షెడ్డు గోడ పక్కన కూర్చునేవాడట. పని మీద మమకారం అనుకున్నాం మేము. మోత మధ్య పుట్టి పెరిగిన మాకెవరికీ ఆ ఒక్క మాట అడగాలని తోచలేదు.

గోలీలతో మొదట మత్తు వచ్చింది, చేతులు వణికాయి. కొడుకుకు విషం పెడుతున్నానంది మా అత్త. అమావాస్య రోజు మరిది ఆటో తెచ్చి వాకిట్లో నిలిపాడు. నేను గుమ్మానికి అడ్డంగా కూర్చుని, చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతూ ఉండిపోయాను. కాసేపటికి పెద్దావిడా, ఆమె కూతురూ వాళ్ళ చాటలు పట్టుకొచ్చి నా పక్కన చేరారు. గుమ్మం నిండిపోయింది. ముగ్గురు ఆడవాళ్ళను దాటుకుని లోపలికి వెళ్ళలేక మరిది ఆటోను పంపేశాడు.

గెలిచాననుకున్నాను కానీ, అసలు చాకిరీ ఆ తర్వాతే. బస్సులు, వరుసలు, నాలుక కింద దాచి ఉమ్మేసిన గోలీలు. ఆయన మీద ప్రేమ కంటే అలసటే ఎక్కువున్న రోజులు చాలా ఉన్నాయి. ఆ మాట చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. మాటలు పూర్తిగా పోలేదు, సన్నగిల్లాయి. మగ్గం మీదికి మళ్ళీ పోలేకపోయినా, ఇంట్లో కూర్చుని తువ్వాళ్ళు మడతపెట్టే పని చేసేవాడు.

కొన్నేళ్ళకు ఒక సుట్టీ రోజు మధ్యాహ్నం, అప్పట్లో దూది పెట్టుకోమని నవ్వించిన పొరుగాయన మా గుమ్మంలో నిలబడ్డాడు. తన తమ్ముడికి చెవుల్లో ఎవరో తిడుతున్నట్టు వినబడుతోందట. నూనె పోసినా తగ్గలేదట. పెళ్ళికూతురి చెవుల మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. నేను నోరు తెరిచేలోపు మా ఆయన చేతిలోని తువ్వాలు పక్కన పెట్టాడు.

"మగ్గాలు బందున్నప్పుడు గూడ ఇనబడ్తయా?"

పొరుగాయన అవునన్నట్టు తలూపి, గడప మీద కూర్చున్నాడు.

"రేపు దవాఖానకు పోదం," అన్నాడు మా ఆయన. "నేనొస్త మీతోటి."

మరునాడు ముగ్గురు మగవాళ్ళు, ఏ సాకూ చెప్పుకోకుండా, గల్లీ అంతా చూస్తుండగా బస్సుకు నడిచిపోయారు. నేను వెళ్ళలేదు. చుట్టూ మగ్గాలన్నీ మోగుతుంటే పట్టపగలే తలుపేసుకుని, ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను.