రాగి బిందె పాఠం

నేను చదివింది మూడో తరగతి. ఆ పైన మా ఊళ్లో బడి లేదు, పక్క ఊరికి పంపే మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. కాబట్టి చరిత్ర పాఠం ఎట్లా చెప్పాలో నాకు తెలుసని ఎవరూ అనుకోవద్దు. మా మనవరాలు విదేశాల బళ్లలో టీచరు కొలువుకు తయారవుతున్న ఆ నెలల్లో నేను చేసిన పని ఆమె ముందు విద్యార్థిలా కూర్చోవడం, అంతే.

మనవరాలు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో హిస్టరీ చెప్పేది. సర్కారు కొలువుల పరీక్షలకు చదివే పెద్ద పిల్లలు హాలు నిండా ఉంటారు. మైకు పట్టుకుని నిలబడితే ఊపిరి తీసుకునే సందు ఉండదు. ప్రశ్న తానే అడగాలి, జవాబు తానే చెప్పాలి, "రాసుకోండి" అనాలి, తర్వాతి రాజు దగ్గరికి పోవాలి. లేకపోతే సిలబస్ పూర్తి కాదు. సిలబస్ కాకపోతే పిల్లలు పక్క సందులోని ఇంకో సెంటర్‌కు పోతారు. సాయంత్రం ఎల్‌బీనగర్‌లో మెట్రో దిగి ఇల్లు చేరేసరికి గొంతు బొంగురుపోయి ఉండేది. మిరియాల పాలు తాగి, లాప్‌టాప్ ముందేసుకుని విదేశాల బళ్లకు దరఖాస్తులు పెట్టేది. పిల్లలు ప్రశ్నలు అడిగే చోట పాఠం చెప్పాలని ఆమె కోరిక.

ఆ బళ్లవాళ్లు ఉద్యోగం ఇచ్చే ముందు డెమో అడుగుతారు. కంప్యూటర్‌లో అక్కడి పిల్లలు కొందరు కనబడతారు. వాళ్లకు కాసేపు పాఠం చెప్పి చూపాలి. మొదటి బడి ఆమెను వద్దన్నది. పాఠం బాగుంది కానీ పిల్లలు ఎప్పుడు మాట్లాడాలి, అని అడిగారట.

"నోరు మూసుకునుడు రాక కొలువు పోయింది నాయనమ్మా," అన్నది. నవ్వబోయి ఏడ్చింది.

"గా ముచ్చట నీ చిన్నప్పటి సంది నేను చెప్తనే ఉన్న," అన్నాను. ఓదార్చడం నాకు మొదటి నుంచీ చేతకాదు.

డెమోకు పిలిచిన వాటిలో ఆ ఏడాదికి ఇక మిగిలింది ఒక్కటే బడి, వియత్నాంలో. అదీ తప్పితే మళ్లీ ఏడాది దాకా ఆ మైకే గతి.

అందుకే నన్ను కూర్చోబెట్టుకుని నేర్చుకోవడం మొదలుపెట్టింది. పాఠానికి ఏదైనా పాత వస్తువు కావాలన్నది. అటక మీది నుంచి నా పెళ్లినాటి రాగి బిందె దింపించాను. మా మేనమామ పెట్టినది. మా నల్లగొండ వైపు పెళ్లికి సామాను పెట్టేవాళ్లు దాని మీద తమ పేరూ ఊరూ కొట్టించి మరీ పెడతారు. ఎవరు పెట్టారో పదిమందికీ తెలియాలి గదా.

"గీ బిందె ఎవరిది?" అని అడిగింది మనవరాలు, టీచరులా నిటారుగా నిలబడి. నేను నోరు తెరిచేలోపే, "దీని మీద మేనమామ పేరున్నది, అంటే..." అని తానే అందుకుంది.

"ఆగవే! అడిగినంక జర ఆగు. ముసలిదాన్ని, మాట బయటికి రావద్దా?"

"ఆగితే భయమైతది నాయనమ్మా. మా హాల్ల జరంత ఆగితే చాలు, అందరు ఫోన్లు తీస్తరు."

"నేను తియ్య. అడుగు."

మళ్లీ అడిగి, పెదవులు బిగించి నిలబడింది. నేను కావాలనే మాట్లాడలేదు. లేచి వెళ్లి, దండుగకు తిరుగుతున్న ఫ్యాను ఆపి, వచ్చి కూర్చున్నాను. ఆమెకు చెమటలు పట్టాయి కానీ నోరు మెదపలేదు.

"నాది," అన్నాను అప్పుడు.

"మరి దీని మీద మీ పేరేది?" అన్నది, టీచరు గొంతుతోనే.

నేనెప్పుడూ ఆ వైపు చూడలేదు. ఇన్నేళ్లు నేను నీళ్లు మోసిన బిందె మీద నా పేరు లేదు. "పెట్టినాయన పేరుంటది గని నా పేరు ఎందుకుంటదే," అని కసిరాను. ఆమె ముఖం వెలిగింది. "గిదే, గిదే అడుగుత వాళ్లను," అన్నది.

డెమో రోజు పొద్దున ఆమె స్నానానికి పోగానే చింతపండు, ఉప్పు వేసి బిందెను బాగా తోమాను. పరాయి దేశం వాళ్లకు నల్లబడ్డ బిందె చూపిస్తే ఈ ఇంటి ఆడవాళ్లను ఏమనుకుంటారు? అద్దంలా మెరిసింది.

మనవరాలు వచ్చి తల పట్టుకుంది. "ఏం జేసినవ్ నాయనమ్మా! పాతగ కనవడాలె అది! నిన్న దుకాణంల కొన్నట్టున్నది."

"చిలుం పట్టిన బిందె జూపెట్టి నా ఇజ్జత్ తీస్తవా?"

"ఆ చిలుం కోసమే గద అటక మీదికెళ్లి దింపింది!"

ఇంకో వస్తువు వెతికే సమయం లేదు. బిందె పట్టుకుని గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది.

నేను కుక్కర్ పెట్టలేదు, నల్లా తిప్పలేదు. వంటింట్లో ఊరికే కూర్చున్నాను. ఇంగ్లీషు నాకు రాదు, కానీ గొంతులో తేడా తెలుస్తుంది. కొంతసేపు సజావుగానే నడిచింది. అంతలో అవతలి నుంచి ఒక పిల్ల ఏదో అన్నది. మా పిల్ల చిన్నగా ఏదో అడిగి ఊరుకుంది. ఆ తర్వాత ఎవరి చప్పుడూ లేదు. నెట్ పోయిందా, మాట తట్టలేదా? లేచి తలుపు సందులోంచి చూశాను. బిందెను రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. చెప్పు బిడ్డా, ఏదో ఒకటి చెప్పు, అని నాకే నోటిదాకా వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

అప్పుడు లాప్‌టాప్‌లోంచి ఒక గొంతు వచ్చింది. ఇంకొకటి. ఆ తర్వాత అందరూ ఒకరి మాట మీద ఒకరు.

ఏం జరిగిందో తర్వాత చెప్పింది. ఇంతగా మెరుస్తున్న బిందె పాతదని మేమెందుకు నమ్మాలి, అని అడిగిందట ఆ పిల్ల. మా నాయనమ్మ తోమిందన్న జవాబు మనవరాలి నాలుక మీదే ఉంది. దాన్ని మింగేసి, మరి ఎట్లా తెలుసుకోవచ్చు అని అడిగి ఆగింది. అక్షరాలు అరిగిపోయి ఉన్నాయి, చాలా ఏళ్లు తోమితేనే అట్లా అవుతుందని ఒకరన్నారు. తోమింది ఎవరు, ఆ పేరున్నాయనేనా అని ఇంకొకరు అడిగారు. అక్కణ్ణుంచి పాఠం వాళ్లే నడిపారట.

"అయితే కొలువు వచ్చినట్టేనా?"

"తెల్వదు నాయనమ్మా. రాకపోయినా గింత మంచి పాఠం నేనెన్నడు చెప్పలే," అని అన్నం పెట్టమన్నది.

కొన్నాళ్లకు కొలువుకు రమ్మని వియత్నాం నుంచి మెయిల్ వచ్చింది. ఎదురు ఫ్లాట్‌లో ఉండే గుంటూరావిడ పరామర్శకు వచ్చినట్టు వచ్చింది.

"ఆడపిల్లని అంత దూరం ఎందుకండీ పిన్నిగారూ? ఇక్కడ పాఠాలు చెప్పుకునే ఉద్యోగం ఉందిగా?"

"ఇక్కడున్నది మాట్లాడే కొలువమ్మా. ఆగే కొలువు లేదు."

ఆవిడ నన్ను వింతగా చూసింది. "ఆగడానికి కూడా జీతం ఇస్తారాండీ?"

"ఇస్తరంట," అన్నాను.

లోపల పెట్టె సర్దుకుంటున్న మనవరాలు పకపకా నవ్వింది.