తీగల అత్తయ్య గరగర వేట

మా మేనత్త కళ్ళద్దాల దుకాణంలో పనిచేసేది. డాక్టరు రాసిన నంబరుకు తగ్గట్టు అద్దాన్ని అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టడం ఆవిడ పని. పొద్దుటినుంచీ కళ్ళు చికిలించి చేసే పని కదా, సాయంత్రమయ్యేసరికి కళ్ళు మూసుకుని చేసేదేదైనా ఉంటే బాగుండుననిపించేదట. అలా రేడియో పట్టుకుంది. పాటలొచ్చే రేడియో కాదు. పరీక్ష రాసి, లైసెన్సు తీసుకుని, ఎక్కడో ఉన్న ముక్కూమొహం తెలియని మనిషితో ఇంట్లో కూర్చుని మాట్లాడే హామ్ రేడియో. మాట్లాడటమని పేరేగానీ ఆవిడ నోరు విప్పేది కాదు. చిన్న మీట నొక్కుతూ మోర్సు కోడ్‌లో టిక్కుటిక్కుమని అక్షరాలు పంపేది, అవతలివాళ్ళ టిక్కుటిక్కు వినేది.

ఉద్యోగం వల్ల నేను వాళ్ళింట్లో ఉన్న ఏడాది జరిగిన సంగతి ఇది.

కొనుక్కున్న వస్తువంటే అత్తయ్యకు గిట్టదు. సెట్టు తనే చేసుకుంది, ఏంటెనాలూ తనే చేసుకునేది. ఇస్త్రీ బల్ల ఉండాల్సిన మూలలో సోల్డరింగ్ సామాను ఉండేది. మావయ్య చొక్కా కోసం బీరువా తెరిస్తే ముందు రాగితీగ చుట్ట ఒకటి కాలిమీద పడేది. కిటికీల కర్టెన్ కడ్డీలు ఒక్కొక్కటే ఏంటెనా ముక్కలైపోయాయి. ఎదురింటివాళ్ళకు కనపడకుండా మేం పక్కకు జరిగి బట్టలు మార్చుకునేవాళ్ళం. సిటీ బస్సు నడిపే మావయ్య మాత్రం ఇంటికొచ్చాక ఎవరితోనూ తగువు పెట్టుకునే ఓపిక లేని మనిషి. పోనీలే అనేవాడు. ఆ పోనీలే అన్న మాటకే అత్తయ్యకు ఒళ్ళు మండేది.

అసలు గొడవంతా మేడమీద. అత్తయ్య ఈ మూలనుంచి ఆ మూలకు పొడుగ్గా తీగ కట్టింది. మర్నాటికల్లా దానిమీద రెండు తువ్వాళ్ళు ఆరుతున్నాయి. ఆ మర్నాడు తడి దుప్పటి. తడి బట్ట తగిలితే తీగ లెక్క తప్పిపోతుంది, సెట్టు మొరాయిస్తుంది. ఆవిడ ఇల్లిల్లూ తిరిగి చెప్పి వచ్చింది. అందరూ అయ్యో అలాగే అన్నారు. చివరికి అట్టముక్కమీద "ఇది బట్టల తీగ కాదు" అని పెద్ద అక్షరాలతో రాసి వేలాడదీసింది. ఎవరో ఆ అట్ట కనపడకుండా దానిమీదే చొక్కా ఆరేశారు. అప్పటికి భవనంలో అందరూ ఆవిణ్ని తీగలావిడ అనేవాళ్ళు. ఇంట్లో నాకూ తీగల అత్తయ్యే అయింది.

ఆ రోజుల్లో ఆవిడ ప్రాణమంతా ఒక దీవి మీద ఉండేది. ఎక్కడో చలి సముద్రంలో, ఎవరూ కాపురముండని దీవి అది. వాతావరణం కొలిచే ఉద్యోగి ఒకడు కొన్ని నెలలు అక్కడ ఉండటానికి వెళ్ళాడు. అతనికీ ఈ పిచ్చే. మన పొద్దు వాలే వేళకు కాసేపు సెట్టు దగ్గర కూర్చునేవాడు. అక్కణ్నుంచి మాట్లాడే మనిషి ఇంకొకరు లేరు కాబట్టి లోకంలో ఉన్న హాములందరూ ఒకేసారి అతని మీద పడేవాళ్ళు. అత్తయ్య దుకాణం నుంచి పరుగున వచ్చి, చెప్పులైనా విప్పకుండా హెడ్‌ఫోన్లు తగిలించుకుని పిలిచేది. అతను వినపడేవాడు. ఈవిడ అతనికి వినపడేది కాదు. రోజులు గడిచే కొద్దీ ఆవిడ చిరాకు మా అన్నం పళ్ళేల దాకా వచ్చింది. ఓడ వచ్చి అతన్ని తీసుకుపోతే మళ్ళీ ఎన్నేళ్ళకో.

అంతలో భవనానికి రంగులు వేయడానికి వచ్చినవాళ్ళు అడ్డంగా ఉందని తీగను తెంపి చుట్టచుట్టి నీళ్ళ ట్యాంకు వెనక పడేశారు. ఆవిడ ఆ చుట్ట తెచ్చి మంచం కింద పెట్టి, రంగుల పని అయ్యేదాకా పళ్ళు బిగించుకుని కూర్చుంది. సరిగ్గా ఆ సమయంలోనే భవనం సంఘం సమావేశం పెట్టారు. సెక్రటరీ గారు బీమా ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. తీగ మూలంగా టీవీలో బొమ్మ ముక్కలవుతోందని, లిఫ్టు అంతస్తుల మధ్యలో ఆగుతోందని, ఆయన కోడలికి ఈ వారం రోజులుగా తలనొప్పి తగ్గడం లేదని వరసగా చెప్పుకొచ్చారు.

అత్తయ్య అంతా విని, "సెక్రటరీ గారూ, ఆ తీగ ఇప్పుడు మేడమీద లేదండి. రెండు వారాలుగా మా మంచం కింద ఉంది" అంది.

"అయితే దగ్గరకొచ్చిందన్నమాట. ఆ మంచం కిందే మా హాలు" అన్నారు ఆయన.

ఆ పూట ఆవిడ ఇంటికొచ్చి గోడకేసి చూస్తూ టీ తాగింది.

రంగుల పని ముగిసింది. ఈసారి కళ్ళకు ఆనకుండా సన్నటి తీగ తీసుకుని పిట్టగోడ అంచు వెంట కట్టింది. చీకటి పడకముందే వచ్చి సెట్టు పెట్టింది. దీవి లేదు. దీవి ఉండాల్సిన చోట గరగరమని ఒకటే రొద. ఎండిన ఆకుల మీద ఎవరో చీపురు లాగుతున్నట్టు, ఆగకుండా. తీగ విప్పి కట్టింది. సెట్టు విప్పి బిగించింది. రొద అలాగే ఉంది. మొత్తం ఇంటి కరెంటు ఆపి, బ్యాటరీ మీద నడిచే చిన్న రేడియో పెట్టి చూసింది. టీవీలో ఆట చివరి ఓవర్లో ఉందని మావయ్య మొత్తుకుంటున్నా వినలేదు. చీకట్లో కూడా గరగర వస్తూనే ఉంది. అంటే తప్పు మనది కాదు, ఈ భవనంలో ఎవరి ఇంట్లోనో ఏదో చెత్త సామాను పుట్టిస్తోంది అని తేల్చింది. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహంలో చాలా రోజుల తర్వాత కాస్త ఉత్సాహం చూశాను. తిట్టడానికి ఒక మనిషి దొరకబోతున్నాడు.

కుట్టుపని చేసుకునే గుండ్రటి చెక్క చట్రానికి తీగ చుట్టి, దాన్ని చిన్న రేడియోకు కలిపింది. చట్రాన్ని మెల్లగా తిప్పుతుంటే ఒకచోట రొద బాగా తగ్గిపోతుంది. దాన్నిబట్టి రొద ఏ వైపునుంచి వస్తోందో చెప్పవచ్చునట. ఆదివారం పొద్దున్నే ఇద్దరూ బయల్దేరారు. ఆవిడ చేతిలో చట్రం, వెనకాల రేడియో మోస్తూ మావయ్య. మెట్లమీద ఎదురైన ఒకావిడ గ్యాస్ లీకవుతోందా అని అడిగింది. మావయ్య అవునని చెప్పేసి ఉంటే త్వరగా ఇంటికి పోయేవాడు, కానీ ఆయనకు అబద్ధం రాదు.

దొంగ సెక్రటరీ గారి ఇంట్లోనే ఉంటాడని అత్తయ్య గట్టి నమ్మకం. ఆ తలుపు దగ్గర చట్రాన్ని ఇటూ అటూ ఎన్నిసార్లు తిప్పిందో. రొద తగ్గిందే కానీ పెరగలేదు. ఆవిడకు నిజంగా కష్టమనిపించింది. గోడల్లో కరెంటు తీగలు ఉన్నచోటల్లా రొద పాకుతుంది కాబట్టి రెండుసార్లు దారి తప్పి లిఫ్టు గదిదాకా పోయారు. చివరికి ఒక్కో అంతస్తూ దిగుతుంటే గరగర పెరుగుతూ వచ్చింది. కింద, వెనక మూల ఇంటి తలుపు ముందు రేడియో చెవులు చిల్లులు పడేలా అరిచింది.

అత్తయ్య అనాల్సిన మాటలన్నీ మనసులో పేర్చుకుని గంట నొక్కింది.

అది ఈత మాస్టారి ఇల్లు. ఊళ్ళో సగం మందికి ఈత నేర్పిన మనిషి. నడుం దెబ్బతిని ఆసుపత్రిలో ఉండి, ఈ మధ్యే ఇంటికి వచ్చారు. వచ్చారని మాకెవరికీ తెలియలేదు కూడా. మాస్టారి భార్య తలుపు తీసింది. కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. లోపల ఆయన గాలి పరుపు మీద పడుకుని ఉన్నారు. ఒంటికి పుళ్ళు పడకుండా పరుపులో గాలి అటూ ఇటూ మారుస్తూ ఉండే చిన్న పంపు మంచం కాళ్ళ దగ్గర ఉంది. దాని అడాప్టరు గోడకు తగిలించి ఉంది, చవకరకం, వేలెడంత. అత్తయ్య చట్రాన్ని దాని దగ్గరికి తీసుకువెళ్ళక్కర్లేకపోయింది.

పేర్చుకున్న మాటలు ఎటు పోయాయో. ఒక్క నిమిషం ఆపి చూడవచ్చా అని మాత్రం అడిగింది. ఎక్కువసేపు ఆపితే పరుపు కుంగిపోతుందని, ఇప్పటికే ఆ అడాప్టరు వేడెక్కి పంపు దానంతటది ఆగిపోతుంటే తను రాత్రీ పగలూ చెవి దానిమీదే పెట్టుకుని కూర్చోవాల్సి వస్తోందని మాస్టారి భార్య చెప్పింది. అయినా ఆపింది. రేడియో మూగబోయింది.

"ఆపితే ఏమొచ్చింది?" అన్నారు మాస్టారు.

"నిశ్శబ్దం వచ్చిందండి."

దానికోసం ఇంత తిరగాలా అన్నట్టు చూశారు ఆయన. అత్తయ్య దీవి సంగతి చెప్పింది. ఆయన కళ్ళు పెద్దవి చేసుకుని విన్నారు. అక్కడ నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయో కనుక్కొమ్మన్నారు. అంత వ్యవధి ఉండదని, పేరూ, ఎలా వినపడుతోందో చెప్పుకుని తప్పుకోవాలని, వెనకాల వందలమంది ఉంటారని ఆవిడ అంది. ఇంత యాతనపడి నీళ్ళెలా ఉన్నాయని కూడా అడగరా అని మాస్టారు విసుక్కున్నారు. తర్వాత పైకప్పు వంక చూస్తూ అన్నారు:

"సాయంత్రం పూట ఓ అరగంట ఆపుకో అమ్మా. నేను పక్కకు తిరిగి పడుకుంటాను."

"మీ వీపు మీద కూర్చుని నేను మాట్లాడాలా మాస్టారూ?" అంది అత్తయ్య. గొంతులో కోపం ఉంది. ఎవరిమీదో ఆవిడకే తెలియదు.

పైకి వచ్చాక ఆ కోపమంతా ఇంటిమీద పడింది. గిన్నెలు చప్పుడు చేశాయి. తిట్టడానికి తగిన మనిషి చివరికి దొరకనే లేదు. కొత్త అడాప్టరు కొని ఇమ్మని మావయ్య అన్నాడు. దుకాణాల్లో దొరికేవన్నీ ఆ జాతివే, రేపు ఇంకోటి గరగరమంటుంది, తనే చేస్తానంది. పాడైన పాత టేప్‌రికార్డరులోంచి ఇటుకరాయంత ట్రాన్స్‌ఫార్మరు బయటికి తీసింది. బరువెక్కువ, కానీ రొద చేయదు. మొదటిసారి కూర్చిన పెట్టె ఇట్టే వేడెక్కిపోయింది. రెండోసారి దానికి ప్లగ్గు పెట్టగానే ఇంట్లో ఫ్యూజు పోయింది, సబ్బు నురగతో ఉన్న మావయ్య స్నానాల గదిలోంచి పోనీలే అన్నాడు. మూడోసారి లోపం దొరికింది. రోగి మంచం దగ్గర పెట్టే వస్తువని నమ్మకం కుదరక, కారు హెడ్‌లైటు బల్బును దానికి తగిలించి రోజంతా వెలిగించింది. మేం దానికేసి చూడలేక వంటింట్లో కూర్చున్నాం. ఈలోగా దీవి మనిషి కోసం ఓడ బయల్దేరిందని కబురు వినపడింది. అయినా ఆవిడ ఆ ఒక్కరోజు పరీక్ష మానలేదు.

మర్నాడు పెట్టెను కిందికి మోసుకుపోయి తగిలించి, పంపు సరిగ్గా ఆడుతోందని చూసుకుని, పొద్దు వాలే వేళకు పైకి వచ్చి కూర్చుంది. గరగర లేదు. ఆ ఖాళీలో, చాలా సన్నగా, దీవి ఉంది.

పిలిచింది. అతను ఇంకెవరికో జవాబిచ్చాడు. మళ్ళీ పిలిచింది, ఇంకెవరికో ఇచ్చాడు. ఇంతలో తలుపు గంట మోగింది. మావయ్య వెళ్ళి చూస్తే సెక్రటరీ గారు. టీవీలో బొమ్మ మళ్ళీ ముక్కలవుతోందట. మావయ్య గుమ్మం నిండా నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే దీవి మనిషి ఈవిడ పిలుపు పేరు, అంటే లైసెన్సులో ఇచ్చిన అక్షరాల గుర్తు, అందుకున్నాడు, ఒక అక్షరం తప్పుగా. అత్తయ్య సరిచేసి పంపింది. అతను మళ్ళీ అదే తప్పు పంపాడు. "చెవులున్నాయా నీకు" అని పైకే అంటూ, ఆ ఒక్క అక్షరాన్నే వరసగా కొట్టింది. మూడోసారికి అతను సరిగ్గా పలికాడు, బాగా వినపడుతున్నావన్నాడు, థాంక్స్ అన్నాడు, వేరొకరి వైపు తిరిగాడు. అంతే. మొత్తం నిమిషం కూడా కాలేదు.

అత్తయ్య హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టింది. అరచేతులతో మొహం తుడుచుకుంది. కన్నీళ్ళో చెమటో నాకు తెలియదు. తర్వాత లేచి వెళ్ళి, టీవీ కేబులు మూతికి రంగుల వాళ్ళు రంగు పూసేసి ఉంటారని, గోకి శుభ్రం చేస్తే సరిపోతుందని సెక్రటరీ గారితో చెప్పింది. గోకడానికి బ్లేడు కూడా తనే ఇచ్చింది. అదీ ఆయన తీసుకోలేదు, మీరే రండి అన్నారు. వెళ్ళింది.

ఆ మరుసటి మధ్యాహ్నం సెలవు పెట్టి, పెట్టె ఎలా ఉందో చూద్దామని కిందికి దిగింది. నేనూ వెంట వెళ్ళాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. మాస్టారి భార్య కుర్చీలోనే తల పక్కకు వాల్చి నిద్రపోతోంది, నోరు కొంచెం తెరుచుకుని. మంచం మీదనుంచి మాస్టారు మమ్మల్ని చూసి పెదవులమీద వేలు పెట్టుకున్నారు. అత్తయ్య మునివేళ్ళమీద వెళ్ళి పెట్టెమీద చెయ్యి ఆన్చింది. గోరువెచ్చగా ఉంది. బాగానే ఉందన్నట్టు ఆయనకేసి తలూపి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి లాగింది.